రాత్రిపూట ఈల

మా నానమ్మ లెక్క ప్రకారం రాత్రిపూట ఇంట్లో ఈల వేస్తే పాములు వస్తాయి. పగలు వేస్తే అప్పులవాళ్లు వస్తారు. ఈ రెండోది మాత్రం ఆవిడ సొంత కవిత్వం అనుకుంటాను. విజయనగరంలో అయ్యకోనేరు గట్టు పక్క సందులో ఉండేది మా ఇల్లు. వెనక దొడ్డి, దొడ్లో కొబ్బరిచెట్టు, గోడ అవతల తుప్పలు మొలిచిన ఖాళీ స్థలం. పాములు నిజంగానే వచ్చేవి, ఈలతో నిమిత్తం లేకుండా. అయినా ఆ నిషేధం మా ఇంట్లో గట్టిగా అమలయ్యేది. 1991 వానాకాలంలో ఒక రాత్రి దాన్ని ఉల్లంఘించింది నేను కాదు, రేడియో.

అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. రేడియో మా బాబాయిది. మూడు బ్యాండ్ల ఫిలిప్స్ ట్రాన్సిస్టర్. తోలు సంచీ ఎప్పుడో ఊడిపోయింది, బ్యాటరీల మూత ఉండాల్సిన చోట రబ్బరు బ్యాండు ఉండేది. పగలు అది ఆడవాళ్ల సొత్తు: విశాఖపట్నం కేంద్రం, వివిధ భారతి, సిలోన్ పాటలు. రాత్రి పది దాటాక బాబాయి జూట్ మిల్లులో బి షిఫ్టు దిగి వచ్చి సైకిలు గోడకు ఆనించాడంటే ముల్లు షార్ట్‌వేవ్‌కు తిరగాల్సిందే. ఆయన కనుబొమల మీద ఇంకా జనపనార నూగు ఉండేది. అన్నం తింటున్నంతసేపూ మాస్కో, చేయి కడుక్కున్నాక బీబీసీ. "ముందు మనవాళ్లు ఏమన్నారో విను, తర్వాత వాళ్లు ఏమన్నారో విను. నిజం మధ్యలో ఎక్కడో పడి ఉంటుంది" అనేవాడు.

మనవాళ్లు అంటే మా ఊరివాళ్లు కాదు. రష్యావాళ్లు.

ఆ రోజుల్లో ఇది వింత కాదు. ‘సోవియట్ భూమి’ పత్రిక మా ఇంటికి వచ్చేది. దాని కాగితం దళసరిగా, నున్నగా ఉండేది కాబట్టి ఊళ్లో సగం మంది పిల్లల పుస్తకాలకు అదే అట్ట. నా లెక్కల నోటు మీద గగారిన్ నవ్వుతూ ఉండేవాడు, సైన్సు నోటు మీద ఏదో ఆనకట్ట. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు పప్పుబెల్లాల ధరకు దొరికేవి. బాబాయి ఎన్నడూ మాస్కో చూడలేదు. విశాఖపట్నం దాటి వెళ్లిందే తక్కువ. కానీ అక్కడి నదుల పేర్లు, వీధుల పేర్లు, చలికాలపు ఆచారాలు మా వీధి మనుషుల విషయాలంత తేలికగా చెప్పేవాడు.

ఆ రాత్రి బాబాయి చేయి కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లాడు. బీబీసీలో వార్తలు అయిపోయి, శ్రోతలు కోరిన పాటలు మొదలయ్యాయి. అందులోంచి ఈల వినబడింది. వాయిద్యం కాదు, మనిషి వేస్తున్న ఈల. సన్నగా, తొందర లేకుండా, రెండో ఆట సినిమా చూసి ఒక్కడే ఇంటికి నడిచి వెళ్తున్నవాడు వేసుకునే ఈలలా ఉంది.

"ఎవడురా అది, ఈ వేళప్పుడు?" అంది నానమ్మ లోపలి గదిలోంచి.

"నేను కాదు నానమ్మా, రేడియో."

"రేడియో అని పాముకు తెలుస్తుందా?"

ఈల ఆగి గొంతు అందుకుంది. మగగొంతు, కొంచెం ముక్కుతో పలికినట్టు. ఇంగ్లీషు, కానీ ఇంగ్లీషువాళ్ల ఇంగ్లీషు కాదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తడిచేత్తో గుమ్మంలో నిలబడిపోయిన బాబాయికి మాత్రం రెండు మాటలు అర్థమయ్యాయి. "మాస్క్వా అన్నాడు. గోర్కీ అన్నాడు. విన్నావా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా పాట మునిగిపోయింది. చెవి దగ్గర పెట్టుకుంటే సముద్రపు హోరు. మళ్లీ తేలేసరికి వేరే పాట.

షార్ట్‌వేవ్ వినని వాళ్లకు ఈ మునగడం, తేలడం సంగతి కొంచెం చెప్పాలి. ఆ తరంగాలు మన దాకా నేల మీదుగా రావు. ఆకాశంలో ఎంతో ఎత్తున విద్యుదావేశం నిండిన పొర ఉంటుంది, దానికి తగిలి కిందికి వంగి వస్తాయి. ఒకే పాట రెండు మూడు దారుల్లో వస్తుంది. దారులు కలిసినప్పుడు గట్టిగా వినబడుతుంది, ఒకదాన్నొకటి చెరుపుకున్నప్పుడు లోతుకు జారిపోతుంది. ఆ పొర కదులుతూ ఉంటుంది కాబట్టి పాట కూడా కదులుతూ ఉంటుంది. మేము ఏరియల్‌కు రాగితీగ తగిలించి కొబ్బరిచెట్టు దాకా లాగాం. గాలికి మట్ట ఊగితే లండన్ ఊగేది.

ఆ తర్వాత ఆ పాట నన్ను వదల్లేదు, లేదా రేడియోలు ఆ పాటను వదల్లేదు. 25 మీటర్లలో ఒకరోజు, 31 మీటర్లలో ఇంకోరోజు, బీబీసీ కాకపోతే వాయిస్ ఆఫ్ అమెరికా. ఒకసారి మొదలు దొరికేది, ఒకసారి చివర. మధ్యలో గిటారు విడిగా మోగే ఘట్టం ఒకటి ఉందని నాకు నెల తర్వాత తెలిసింది. పాట పేరు, బృందం పేరు తెలుసుకోవడానికి ఇంకో వారం పట్టింది. వ్యాఖ్యాత పేరు చెప్పే సమయానికే కచ్చితంగా తరంగం జారిపోయేది. చివరికి ఒక రాత్రి స్పష్టంగా వినబడింది: స్కార్పియన్స్, ‘విండ్ ఆఫ్ ఛేంజ్’.

"స్కార్పియన్స్ అంటే?" అని నానమ్మ అడిగింది.

"తేళ్లు."

"మరి అదే. తేళ్లు ఈల వేస్తే పాములు రాక ఏం వస్తాయి?"

పాట చరిత్ర నాకు ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, ముక్కలు ముక్కలుగానే తెలిసింది. స్కార్పియన్స్ జర్మనీలోని హానోవర్ బృందం. 1965లో రుడాల్ఫ్ షెంకర్ మొదలుపెట్టాడు. 1988లో లెనిన్‌గ్రాడ్‌లో వరుసగా 10 కచేరీలు చేశారు. 1989 ఆగస్టులో మాస్కోలోని లెనిన్ స్టేడియంలో రెండు రోజుల రాక్ సంగీతోత్సవం జరిగింది. బాన్ జోవి, ఓజీ ఆజ్‌బర్న్ లాంటి వాళ్లు వెళ్లారు, వీళ్లూ వెళ్లారు. ఆ రోజుల్లోనే మాస్క్వా నది మీద పడవలో గోర్కీ పార్కుకు వెళ్లిన ఒక రాత్రి గాయకుడు క్లాస్ మైనె మనసులో పాటకు బీజం పడింది. ఇంటికి వెళ్లి రాశాడు. నవంబరులో బెర్లిన్ గోడ కూలింది. ఈ పాట గోడ కూలడం గురించే అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. గోడ ఇంకా నిలబడి ఉండగానే పుట్టిన పాట ఇది. నా దృష్టిలో దాని బలమంతా అక్కడే ఉంది. జరిగినదాన్ని వర్ణించిన పాటకు ఆ వణుకు రాదు.

1990 నవంబరులో ‘క్రేజీ వరల్డ్’ ఆల్బంలో ఇది ఒక పాటగా మాత్రమే వచ్చింది. ముందు విడిగా విడుదల చేసింది వేరే పాటను, మామూలు గోలపాటను. రాక్ బృందం అన్నాక ఈల ఏమిటి అని రికార్డు కంపెనీకి అనుమానం వచ్చిందట, ఈల తీసేయమని అడిగారట. మైనె చాలా చోట్ల చెప్పాడు ఈ సంగతి. తీసి చూశారు, పాట నిలబడలేదు, మళ్లీ పెట్టారు. నానమ్మకు, రికార్డు కంపెనీకి అభిప్రాయం కలిసిన సందర్భం ఇదొక్కటే. 1991లో దీన్ని సింగిల్‌గా విడుదల చేశాక రేడియోలు అందుకున్నాయి. జర్మనీలో మొదటి స్థానం, ఫ్రాన్సు, స్వీడన్, ఇంకా అనేక దేశాల్లో మొదటి స్థానం, బ్రిటన్‌లో రెండు, అమెరికాలో నాలుగు. రేడియోలో వారం వారం హిందీ పాటలకు స్థానాలిచ్చే బినాకా గీత్‌మాలా వింటూ పెరిగినవాడిని కాబట్టి పాటకు స్థానం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. బుధవారం రాత్రి ఎనిమిదికి అమీన్ సయానీ గొంతు కోసం వీధి వీధంతా చెవులు రిక్కించిన కాలం మాది. కాకపోతే ఈ పాట ఏ స్థానంలో ఉందో మాకు తెలియదు. ముల్లు ఎటు తిప్పినా తగులుతోంది, అంతే.

అక్క అప్పుడు మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకునేది. 1919లో విజయరామ గజపతి పెట్టిన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల చదువుకున్న చోటు. ఆ వాకిట్లోంచి నడిచి వచ్చే మనిషి ముందు రేడియో ఈల పాటను పొగడడం కొంచెం ధైర్యం కావలసిన పనే. అక్క రెండు రాత్రులు విన్నది. మూడో రోజు సాయంత్రం సాధన మధ్యలో కమాను అలా ఆనించి ఆ ఈలను వాయించేసింది. "శంకరాభరణమే. గమకాలు లేవు, బట్టలు ఆరేసినట్టు స్వరాలు విడివిడిగా ఉన్నాయి" అంది. వాళ్ల మేష్టారికి వినిపిస్తే ఆయన కోప్పడలేదట. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారని, వాటిని నొట్టుస్వరాలు అంటారని, అవన్నీ శంకరాభరణంలోనే ఉన్నాయని చెప్పి, "ఇది దీక్షితుల చెవిన పడి ఉంటే దీనికీ ఏ దేవుడి పేరో దొరికేది" అన్నారట. నాకు ఆ మేష్టారు ఎవరో తెలియదు, చూడలేదు. కానీ ఆ మాట అప్పటినుంచి నా దగ్గరే ఉంది.

ఆగస్టు 19, సోమవారం. మాస్కోలో ట్యాంకులు వీధుల్లోకి వచ్చాయి. సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌ను క్రిమియాలో నిర్బంధించారు. బాబాయి మూడు రోజులు రేడియోను కింద పెట్టలేదు. ఆయన మిత్రులు మా అరుగు మీద చేరేవారు. మొదటి రోజు వాళ్లలో కొందరు సంతోషించారు, దేశం చేయి దాటిపోకుండా పట్టుకున్నారని. మూడో రోజు కుట్ర విఫలమైంది, గోర్బచేవ్ తిరిగి వచ్చాడు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. బాబాయి ఏ పక్షమో నాకు అప్పుడూ అర్థం కాలేదు. ఆయనకే తెలియదేమో. ఆ మూడు రోజులూ మాస్కో రేడియో ఒక మాట, బీబీసీ ఒక మాట. మధ్యలో పడి ఉండాల్సిన నిజం ఎంత వెతికినా దొరకలేదు. వార్తలు అయ్యాక ఎక్కడో అక్కడ ఈ ఈల.

క్యాసెట్ నా చేతికి వచ్చింది సిరిమానోత్సవం రోజు. మా తరగతి మిత్రుడి అన్నయ్య విశాఖపట్నంలో ఉద్యోగం చేసేవాడు. అక్కడ రికార్డింగు కొట్టులో ఖాళీ క్యాసెట్ ఇచ్చి నింపించాడు. నావి రెండు నెలల సినిమా డబ్బులు. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇసుక వేస్తే రాలని జనం, పైడితల్లి గుడి నుంచి కోట వైపు, కొసన పూజారి కూర్చున్న పొడవాటి సిరిమాను కదులుతోంది. ఆ తోపులాటలో మిత్రుడు నా చొక్కా జేబులో క్యాసెట్ కుక్కి ఏదో చెప్పాడు, డప్పుల్లో వినబడలేదు. అమ్మవారికి అరటిపళ్లు విసురుతున్న చేతులన్నీ పైకి లేచి ఉంటే నా చేయి ఒక్కటే జేబు మీద.

ఇంటికి వచ్చి టేప్ రికార్డర్‌లో పెట్టాను. అక్క, నేను, కావాలని పక్కన కూర్చోకుండా గుమ్మం దగ్గర కూర్చున్న బాబాయి. పాట శుభ్రంగా ఉంది. హోరు లేదు, గరగర లేదు, మునగడం లేదు, తేలడం లేదు. మొదలు నుంచి చివరి దాకా ఒకే ఎత్తులో ఉంది. నాకు నచ్చలేదు! ఇన్ని నెలలూ ఆ ఎత్తుపల్లాలు పాటలోవే అనుకున్నాను. గాలి గురించిన పాట కదా, అది గాలిలా వచ్చి గాలిలా పోవడం వాళ్లు కావాలని చేసిందే అనుకున్నాను. క్యాసెట్లో ఉన్నది ఏదో తలుపులు మూసిన గదిలో పాడినట్టు ఉంది. ఇప్పటికీ కంప్యూటర్‌లో ఆ పాట వింటే ఏదో తక్కువైనట్టే ఉంటుంది నాకు. ఇంకొకటి కూడా చెప్పేస్తాను: ఆ క్యాసెట్లో మిగతా పాటలు నాకు ఎక్కలేదు. తేళ్లు మంచివే కానీ ఒక్కసారి కుట్టాయి, అంతే.

"రష్యావాళ్లేనా పాడింది?" అని అడిగాడు బాబాయి.

"కాదు బాబాయి, జర్మనీవాళ్లు."

"ఏ జర్మనీ?"

"ఇప్పుడు ఒకటే కదా."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండు జర్మనీలు ఒకటై అప్పటికి ఏడాది దాటింది. ఆయనకు తెలియని సంగతి కాదు. నా నోటి నుంచి అంత తేలికగా వస్తుందని అనుకోలేదేమో.

నిఘంటువు పక్కన పెట్టుకుని పాటకు అర్థం చెప్పాను. నది ఒడ్డున నడక, ఆగస్టు నెల వేసవి రాత్రి, వెళ్తున్న సైనికులు, మార్పుగాలి, నీ బలలైకా నా గిటారు మనసులో మాటను పాడాలని ఒక కోరిక. బలలైకా అంటే ఏమిటో నాకు చెప్పింది మాత్రం బాబాయే: మూడు తీగలు, మూడు కోణాల పెట్టె, వాళ్ల పల్లెపాటల వాయిద్యం. అంతా విని, "గాలి ఎటునుంచి ఎటు వీస్తోందో చెప్పాడా?" అన్నాడు. లేదన్నాను. "చెప్పడు. ఇది వీళ్లు రాసింది కాదు, అమెరికావాళ్లు రాయించి ఉంటారు" అని లేచి వెళ్లిపోయాడు. అక్క, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. బాబాయికి ఊళ్లో ఎండలు ముదిరినా అమెరికాయే కారణం.

డిసెంబరు 25 రాత్రి గోర్బచేవ్ రాజీనామా చేశాడు. క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దించేశారు. అదే నెలలో, ఆ రాజీనామాకు కొద్ది రోజుల ముందే, ఈ బృందాన్ని ఆయన క్రెమ్లిన్‌కు పిలిచి కలిశాడని నేను తర్వాత చదివాను. మాకు అప్పుడు తెలిసింది జెండా సంగతి ఒక్కటే. మర్నాడు రాత్రి బాబాయి షిఫ్టు దిగి వచ్చాడు. అన్నం తిన్నాడు. రేడియో ముట్టుకోలేదు. మాస్కో వినని భోజనం నాకు తెలిసి అదే మొదటిది. చేయి కడుక్కుని వచ్చి, "ఆ తేళ్ల పాట పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఈల మొదలైంది. నానమ్మ మేలుకునే ఉంది, దగ్గు వినబడుతోంది. కానీ ఏమీ అనలేదు. గొంతు అందుకుంది, నది వచ్చింది, పార్కు వచ్చింది. సరిగ్గా ఊపందుకునే చోట కరెంటు పోయింది. టేపు నెమ్మదించి, గాయకుడి గొంతు దున్నపోతు మూలుగులా సాగి సాగి ఆగిపోయింది. చీకట్లో ఎవరం కదల్లేదు. బాబాయి చిన్నగా నవ్వాడు. "అక్కడా ఇంతేనురా" అన్నాడు.

కరెంటు ఎప్పుడు వచ్చిందో గుర్తులేదు. నిద్రపోయాను.

తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అందరి ఇళ్లలోనూ జరిగినవే. ‘సోవియట్ భూమి’ రావడం ఆగిపోయింది, పుస్తకాలకు ఖాకీ అట్టలు వచ్చాయి. సిమెంటు బస్తాలు ప్లాస్టిక్‌వి అయ్యాయి, మిల్లులో షిఫ్టులు తగ్గాయి. నానమ్మ పోయింది, ఏ పామూ కాటు వేయకుండానే, తొంభై దాటి. రేడియో అటకెక్కింది. క్యాసెట్ టేపు బయటికి వచ్చి చిక్కుపడితే పెన్సిలు పెట్టి తిప్పీ తిప్పీ చివరికి వదిలేశాం. నేను ఉద్యోగాల కోసం ఊరు విడిచాను. బాబాయి అదే ఇంట్లో ఉన్నాడు.

2020లో, అందరం ఇళ్లలో తలుపులు వేసుకుని ఉన్న రోజుల్లో, ఒక అమెరికన్ పాత్రికేయుడు చేసిన ఆడియో ధారావాహిక గురించి చదివి కుర్చీలోంచి లేచాను. ఈ పాట రాసింది స్కార్పియన్స్ కాదు, అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రాయించింది అన్న వదంతి మీద ఆయన భాగాలు భాగాలుగా పరిశోధన చేశాడు. ఆధారం దొరకలేదు. మైనె ఆ మాట విని నవ్వాడు. వెంటనే బాబాయికి ఫోను చేశాను. మొత్తం విని, "ముప్పై ఏళ్లు పట్టిందా వాళ్లకు?" అన్నాడు. ఆధారం లేదని చెబితే, "ఉంటే అది గూఢచారి సంస్థ ఎలా అవుతుంది?" అన్నాడు. పాట రాసింది మైనె అనే నా నమ్మకం. అంత మామూలుగా, అంత సూటిగా ఉన్న పాటను ఏ కార్యాలయంలోనూ ఎవరూ రాయలేరు. కానీ ఆ మాట బాబాయితో అనలేదు. ఆ రోజు ఆయన గొంతులో అంత హుషారు విని చాలా కాలమైంది.

2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక స్కార్పియన్స్ వేదిక మీద ఆ పాట మొదటి మాటలు మార్చేశారు. మాస్క్వా నది లేదు, గోర్కీ పార్కు లేదు. ఆ చోట ఉక్రెయిన్ పేరు చేరింది. గాలి మారడం కోసం ఎదురుచూస్తున్నానని పాడుతున్నాడు. రష్యాను ఇంకా పొగుడుతూ పాడలేను అన్నాడు మైనె. ఆ ఏడాది సంక్రాంతికి కాదు గానీ, దసరాకు ఊరు వెళ్లినప్పుడు బాబాయికి ఈ సంగతి చెప్పాను. అరుగు మీద కూర్చున్నాం. డెబ్బై అయిదు దాటిన మనిషి, చెవి కొంచెం మందగించింది. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"గోర్కీని తీసేశాడా?"

"తీసేశాడు."

"నదిని కూడానా?"

"నదిని కూడా."

చాలాసేపు వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. సిరిమాను ముందు రోజులు కావడంతో ఎక్కడో డప్పులు సరిచూసుకుంటున్నారు.

"ఈల ఉంచాడా?"

"ఉంచాడు బాబాయి."

ఫోను తీసి వినిపించబోయాను, వద్దన్నట్టు చేయి ఊపాడు. నోరు సున్నాలా చుట్టి ఊదాడు. కట్టుడు పళ్ల సందుల్లోంచి గాలి మాత్రమే వచ్చింది. పళ్లసెట్టు తీసి పక్కన అరుగు మీద పెట్టి మళ్లీ ఊదాడు. ఈసారి కూడా గాలే. లోపలినుంచి పిన్ని కేక వేసింది, చీకటి పడ్డాక ఆ పని ఏమిటని.